విఠల్ గారి టీవీలో వంకర గీత

డబ్బా టీవీల రోజుల్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని, గోడకు బిగించే పెద్ద తెరల రోజుల్లో రిటైరైనవాణ్ని నేను. మొదట రిపేరు దుకాణంలో, తర్వాత ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర, చివర్న ఒక షోరూమ్ సర్వీసు విభాగంలో పనిచేశాను. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో నేను మేడ ఎక్కని ఇళ్లు తక్కువే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను ఎప్పుడూ మీటర్ల గురించి, సెట్టింగుల గురించి అడుగుతారు. అవన్నీ ట్రైనింగులో చెబుతారు. ట్రైనింగులో చెప్పనిది ఒకటుంది. మీరు ఏ ఇంటి తలుపు కొట్టినా, లోపలివాళ్లు అప్పటికే ఎవరినో ఒకరిని అనుమానించి కూర్చుని ఉంటారు. షోరూమువాణ్నో, కేబులువాణ్నో, పక్కింటివాళ్లనో. తలుపు తీసిన మరుక్షణం నుంచి మిమ్మల్ని కూడా. వాళ్లను తప్పుపట్టకండి. మీరూ మెట్లెక్కేటప్పుడే వాళ్లను అనుమానిస్తూ ఎక్కుతారు.

షోరూములో కనిపించిన బొమ్మ

షోరూములో టీవీల మీద ఆడించేది ప్రత్యేకంగా తీసిన వీడియో. రంగుల చేపలు, మంచు కొండలు, కోసిన పుచ్చకాయ. వెలుతురు, రంగు రెండూ చివరిదాకా పెంచి పెడతారు. అది చూసి మురిసి కొనుక్కెళ్లిన మనిషి ఇంట్లో పాత సీరియల్ పెట్టుకుంటాడు. మొహాలు మైనం ముద్దల్లా కనిపిస్తాయి. వెంటనే ఫోన్. "షోరూంల చూపించింది ఒకటి, ఇంటికి పంపింది ఇంకోటి. పీస్ మార్చిన్రు."

పీస్ ఎవరూ మార్చరు. తెర హెచ్‌డీ అయినంత మాత్రాన బొమ్మ హెచ్‌డీ కాదు. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీది కావాలి, చూసే ఛానల్ హెచ్‌డీది కావాలి, రెంటినీ కలిపే వైరు సరైనది కావాలి. కొత్త టీవీ కొని, దానికి పాత ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు తగిలించుకుని ఏళ్ల తరబడి చూసిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లూ మోసపోయామనే అనుకున్నారు. మీరు వెళ్లగానే రిమోట్ అందుకుని రంగులు మార్చకండి. ముందు టీవీ వెనక్కి వెళ్లి, లోపలికి ఏం వస్తోందో చూడండి. రంగులు మార్చి ఇచ్చిన బాగు సాయంత్రం దాకా నిలుస్తుంది, మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్ వస్తుంది.

అశోక్‌నగర్‌లో ఒక మేడ

అశోక్‌నగర్‌లో గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్ల హాస్టల్ ఒకటి. భోజనాల హాల్లో పెద్ద టీవీ పెట్టించారు. పొద్దునంతా బాగుంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి, తర్వాత సిగ్నల్ లేదని రాస్తుంది. హాస్టల్ ఓనరు నన్ను మెట్ల దగ్గరే పట్టుకున్నాడు.

"డిష్ వైరును పోరగాళ్లు వాళ్ల రూములకు గుంజుకుంటున్నరన్నా. నాకు ఎరుకే. ఎవడో ఒక్కడు దొరికితే చాలు, సామాన్లు బయట పడేస్త."

రూముల్లో వెతికాను. పుస్తకాలు తప్ప ఏమీ లేవు. కుర్రాళ్లు నావైపు దొంగను పట్టడానికి వచ్చిన పోలీసును చూసినట్టు చూశారు. మేడ మీదికి వెళ్లాను. డిష్ ఎదురుగా తీగ కట్టి, దాని మీద తడి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పొద్దున స్నానాలయ్యాక ఉతికి, పదకొండింటికి ఆరేస్తారు. తడి బట్ట సిగ్నల్‌ను ఆపేస్తుంది. సాయంత్రానికి ఆరిపోతాయి, బొమ్మ తిరిగొస్తుంది. ఓనరు నమ్మలేదు. ఆయన్ను హాల్లో నిలబెట్టి, పైనుంచి దుప్పటి తీసి, మళ్లీ వేసి, ఫోన్లో "ఇప్పుడెట్లున్నది?" అని అడగాల్సి వచ్చింది. అప్పుడు నమ్మాడు. అయినా దిగి వస్తుంటే మెల్లగా అన్నాడు, "తీగ కావాల్ననే అక్కడ కట్టిన్రేమో అన్నా?"

అనుమానం ఒకసారి పడితే దానికి కారణం దొరికినా చాలదని నాకు అక్కడే తెలిసింది.

మా మేనేజరు

షోరూములో మా సర్వీసు మేనేజరు మాటకారి, పనిమంతుడు. సాంకేతిక విషయంలో ఆయన పొరపాటు పడగా నేను చూడలేదు. మనుషుల విషయంలో ఆయనకు ఒకటే సూత్రం. "కస్టమర్ చెప్పేది పూర్తిగా విను మల్లేశ్. ఒక్క ముక్క నమ్మకు." పిల్లలు బంతి విసిరి తెర పగలగొట్టి, దానంతట అదే పగిలిందని చెప్పేవాళ్లు రోజూ ఉంటారు కాబట్టి ఆయన మాట నేను కొట్టిపారేయలేదు. వారంటీ గడువు దగ్గరపడే కొద్దీ ఫిర్యాదులు పెరుగుతాయి. అలాంటి ఫిర్యాదు వస్తే ఆయన పెదవి విరిచి, "మొదలైంది నాటకం" అనేవాడు.

విఠల్ గారి ఫిర్యాదు వచ్చిన రోజు కూడా అదే మాట అన్నాడు.

గీత వంగుతోంది

విఠల్ గారికి నారాయణగూడలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. తండ్రి నాటిది. ఇల్లు చిక్కడపల్లిలో ఒక గల్లీలో, సొంతం. డెబ్బై దాటినా రోజూ దుకాణానికి వెళ్లి వచ్చే మనిషి. ఆయన, భార్య సులోచనమ్మ ఇద్దరే ఉంటారు. వాళ్లమ్మాయి దోమలగూడలో ఉంటుంది.

నేను వెళ్లేసరికి టీవీలో వార్తలు నడుస్తున్నాయి. విఠల్ గారు కుర్చీ తెరకు మరీ దగ్గరగా వేసుకుని కూర్చున్నారు.

"చూడు తమ్మీ. కింద అక్షరాలు పోతున్నయి గదా, ఆ పట్టీ చూడు. నడిమిట్ల వంగుతున్నది. పాము లెక్క."

చూశాను. పట్టీ తిన్నగా ఉంది. పక్కకు జరిగి చూశాను, కూర్చుని చూశాను. తిన్నగానే ఉంది.

"నాకు సక్కగనే కనిపిస్తున్నదన్నా."

"కనిపిస్తది. మీ షోరూమోళ్లకు అట్లనే కనిపిస్తది."

డబ్బా టీవీ అయితే ఆయన మాట నమ్మేవాణ్ని. కరెంటు తగ్గినా, పక్కన స్పీకరు పెట్టినా అందులో గీతలు వంగేవి. ఈ కొత్త తెరలు అట్లా కాదు. లోపల చుక్కలన్నీ వరసల్లో బిగించి ఉంటాయి. తెర పాడైతే నిలువు గీత పడుతుంది, నల్ల మచ్చ వస్తుంది, సగం చీకటవుతుంది. తిన్నటి గీత మెత్తబడి వంగడమన్నది జరగదు. నాకు తెలిసినంతలో ఆయన చెబుతున్న జబ్బు ఆ టీవీకి రానేరాదు.

మరి ఈ పెద్దమనిషి ఎందుకిలా అంటున్నారు? వారంటీ ఇంకొద్ది రోజుల్లో అయిపోతుంది. మేనేజరు మాట చెవిలో మోగింది. అయినా వైరు మార్చాను. బాక్సు సెట్టింగు పాత టీవీకి తగ్గట్టు ఉంటే సరిచేశాను. బొమ్మ బాగా తేటపడింది. విఠల్ గారు ఒప్పుకోలేదు.

"మొకాలు మంచిగ తేటైనయి. గీత మాత్రం గట్లనే ఉన్నది. ఇది సెకండ్ మాల్. నాకు అంటగట్టిన్రు."

సులోచనమ్మ టీ ఇస్తానని నన్ను వంటింట్లోకి పిలిచారు. గిన్నెల చప్పుడు చాటున గొంతు తగ్గించి చెప్పారు.

"టీవీ మంచిగనే ఉన్నది తమ్మీ. ఆయనకే ఏదో అయింది. అందరి మీద అనుమానమే. పాలోడు నీళ్లు కలుపుతున్నడంటడు. నేను తలుపు పరదా వంకరగ కట్టినంట. దుకాణంల చెన్నయ్య ఇరవై ఏండ్ల సంది ఉన్నడు, మా ఇంటి మనిషి లెక్క. ఫ్రేములు కావాలనే వంకర కోస్తున్నడని, వేరే దుకాణపోళ్లు చేతిల పెట్టుకున్నరని తిట్టి ఎల్లగొట్టిండు. పాపం ఏడ్చుకుంట పోయిండు." ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నారు. "తల డాక్టర్‌కు చూపియ్యాలంటున్నది మా బిడ్డ. ఆ మాట ఆయనకెట్ల చెప్పాలె?"

టీ తాగి వచ్చేశాను. ఆఫీసులో చెబితే మేనేజరు పెదవి విరిచాడు.

"ఇప్పుడు ముసలాయనకు మతి తప్పిందన్న కథ. తర్వాత అమ్మాయి వచ్చి ఏడుస్తుంది. ప్యానల్ మార్చం. కంప్లయింట్ మూసెయ్."

స్కేలు

మూసేసినా విఠల్ గారు ఊరుకోలేదు. మళ్లీ మళ్లీ ఫోన్లు చేశారు. చివరికి షోరూముకే వచ్చి అందరి ముందూ గట్టిగా అరిచారు. "మీరంత ఒక్కటే" అని. మేనేజరు నన్ను పక్కకు పిలిచి, ఇంకోసారి వెళ్లి ఏదో ఒకటి చెప్పి నోరు మూయించమన్నాడు.

ఈసారి విఠల్ గారు సిద్ధంగా ఉన్నారు. చేతిలో దుకాణంలో వాడే పొడవాటి స్టీలు స్కేలు.

"నోటితోని చెప్తే మీరు నమ్మరు. స్కేలు పెట్టి చూపిస్త. పక్కన గ్యాప్ ఎంత ఉన్నదో నువ్వే చెప్పు."

వార్తల ఛానల్ పెట్టారు. లేచి వెళ్లి, కింద పరిగెడుతున్న అక్షరాల పట్టీ అంచుకు స్కేలు ఆనించారు. వంగి చూశారు. నేనూ చూశాను. పట్టీ అంచు, స్కేలు అంచు అతుక్కుని ఉన్నాయి. సందు లేదు.

ఆయన స్కేలు కొంచెం జరిపారు. మళ్లీ ఆనించారు. మొహంలో కోపం పోయి, ఏదో అర్థం కానట్టు నుదురు ముడిపడింది.

"ఏందన్నా?" అన్నాను.

"స్కేలు గూడ వంగుతున్నది."

నేను రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాను. తెర నల్లబడింది. "ఇప్పుడు చూడన్నా. టీవీ బంద్ అయింది. స్కేలు ఎట్లున్నది?"

ఆయన చాలాసేపు చూశారు. స్కేలు తెర మీంచి తీసి కిటికీ వెలుతురుకు పట్టారు. కిటికీ చువ్వల మీద పెట్టారు. తలుపు చట్రం మీద పెట్టారు. గదంతా తిరిగారు, ఎక్కడైనా ఒక్కచోట అది తిన్నగా కనబడుతుందేమోనని. సులోచనమ్మ వంటింటి గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఎడమ కన్ను మూసి చూడన్నా," అన్నాను.

"ఎడమదాన్ల ఏముందిరా, అది ఎప్పటి సందో మసకనే. చూసేది కుడిదాంతోనే." ఎడమ కన్ను అరచేత్తో కప్పుకున్నారు. "వంకరనే ఉన్నది. నడిమిట్ల వంకర, ఇంత నలుపు."

స్కేలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. నేనిక కళ్ల గురించి మాట్లాడతారనుకున్నాను, భయపడతారనుకున్నాను. ఆయన మొదట అడిగింది వేరే.

"అయితే చెన్నయ్య కోసిన ఫ్రేములు?"

సులోచనమ్మ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"తమ్మీ, బండి మీద వచ్చినవా? దుకాణం దాక పోదాం పా."

సులోచనమ్మ వద్దన్నారు, ముందు డాక్టర్ దగ్గరికన్నారు. ఆయన వినలేదు. నా స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నారు. నారాయణగూడ వెళ్లాం. ఆయన షట్టర్ ఎత్తి, పక్కన పారేసిన ఫ్రేములు చూపించారు. వంకరవని తీసి పడేసినవి, గోడకు ఆనించి గుట్టగా ఉన్నాయి. మూలలు సరిచూసే గునియా నా చేతికిచ్చారు.

"నేను చూడను. నువ్వు చూసి చెప్పు. అబద్ధం చెప్పకు."

ఒక్కొక్కటే తీసి మూల మూలకూ గునియా ఆనించాను. మూలలన్నీ సరిగ్గా ఉన్నాయి. చెక్కల మధ్య గోరు కూడా దూరని అతుకు. నేను చూస్తున్నంతసేపూ ఆయన రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు. అన్నీ చూశాక, "అన్నీ సక్కగనే ఉన్నయన్నా," అన్నాను.

ఆయన తలూపారు. "నేను చేసిన పని చూడు," అని మాత్రం అన్నారు. షట్టర్ నేనే దించాను.

కంటి ఆస్పత్రిలో

మర్నాడు వాళ్లమ్మాయి ఆస్పత్రికి తీసుకెళ్లింది. కంటి వెనక పొర కింద సన్నటి రక్తనాళాలు పెరిగి ద్రవం కారుతోందన్నారు. వయసులో కొందరికి వస్తుందట. తిన్నటి గీతలు వంకరగా కనిపించడమే దాని మొదటి లక్షణమట. ఇంకా ఆలస్యమైతే నడిమి చూపు మొత్తం పోయేదని, ఇప్పుడు కంటిలోకి ఇంజెక్షన్లు ఇస్తే ఆగుతుందని చెప్పారు. పోయినంత పోయింది. మిగిలినది నిలిచింది. ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ కూడా తర్వాత చేశారు.

మేనేజరుకు ఇదంతా చెప్పాను. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత, "ప్యానల్‌లో ఏం లేదని నేను ముందే అన్నా కదా," అన్నాడు. అన్నాడు, నిజమే. టీవీ గురించి మా ఆఫీసులో ఎవరూ తప్పు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. విఠల్ గారు మమ్మల్ని అనుమానించారు, మేం ఆయన దురాశను అనుమానించాం, ఇంట్లోవాళ్లు ఆయన మతిని అనుమానించారు. ఆ మనిషి మాత్రం మొదటిరోజు నుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చారు, గీత వంగుతోందని. ఆయనకు వంగే కనిపించింది. ఆ ఒక్క మాటను మాలో ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకోలేదు.

కొత్తగా వస్తున్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. కస్టమర్ చెప్పిన కారణాన్ని అనుమానించండి, అది మీ పని. కనిపించిందని అతను చెప్పినదాన్ని మాత్రం అనుమానించకండి. టీవీలో లేనిది అతనికి కనిపిస్తోందంటే, అది ఇంకెక్కడో ఉంది.

చెన్నయ్య

చెన్నయ్యది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. రాంనగర్ వెనక బస్తీలో కిరాయికుంటాడు. దుకాణంలో పని పోయాక సెంట్రింగ్ పనికి పోతున్నాడని తెలిసింది. కంటికి మొదటి ఇంజెక్షన్ అయి, కట్టు తీశాక విఠల్ గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. దారి తనకు సరిగా కనిపించదని అన్నారు. ఒక్కరే వెళ్లడానికి మొహం చెల్లలేదని నాకు అర్థమైంది.

ఆదివారం. చెన్నయ్య గది ముందు బకెట్టు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నలభై దాటిన మనిషి, చేతుల నిండా సిమెంటు పగుళ్లు. విఠల్ గారిని చూసి లేచి నిలబడ్డాడు గానీ రమ్మనలేదు.

"ఏంది సేట్? ఇంకేమన్న వంకర కోసిన్నా?"

విఠల్ గారు తడబడుతూ చెప్పారు. టీవీ, స్కేలు, ఆస్పత్రి, కంటిలో సూది. చెన్నయ్య వింటూ ఉన్నాడు. నమ్మినట్టు కనిపించలేదు. నావైపు చూశాడు. "నిజమేనా సార్? లేకపోతే పనోడు దొరకక వచ్చిండా?"

"ఫ్రేములు నేనే గునియా పెట్టి చూసిన," అన్నాను. "ఒక్కటి గూడ వంకర లేదు."

చెన్నయ్య బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"నీ కన్ను ఖరాబైందని నాకెట్ల తెలుస్తది సేట్? నేనైతే నా చెయ్యే పడిపోయిందనుకున్న. ఇంటికొచ్చి దారం పెట్టి కొలుసుకున్న. సక్కగ వస్తది, మళ్ల అనుమానమొస్తది. పెద్దాయన అంతగనం అంటుండంటే నాకే కనిపిస్తలేదేమో అని. రంపం చూస్తే వణుకు. అందుకే ఇటు దిక్కు వచ్చిన. ఇక్కడ ఇనుప చువ్వలే, సక్కగ కొయ్యనవసరం లేదు."

విఠల్ గారు అతని పక్కన ఆ తడి నేల మీదే కూర్చోబోయారు. చెన్నయ్య గబుక్కున లేచి, బకెట్టు ఆయనకిచ్చి, తాను నేల మీద కూర్చున్నాడు.

"తప్పు నాది, చెన్నయ్య. రా దుకాణానికి."

"ఇప్పుడు రాను. ఈ స్లాబు అయ్యేదాక వస్తనని మేస్త్రీకి మాటిచ్చిన." కొంచెం ఆగి అన్నాడు, "వచ్చినంక ఒక్కటి సేట్. వంకర ఉన్నదని నువ్వు నోటితోని అనద్దు. గునియా పెట్టి చూపియ్యాలె."

"నేను చూపియ్య. నువ్వే చూస్కో. నాకు చెప్పు."

స్లాబు అయ్యాక చెన్నయ్య వచ్చాడు. నేను రిటైరయ్యాను. తర్వాత ఒకరోజు మా మనవరాలి ఫొటోకు ఫ్రేము కట్టించడానికి ఆ దుకాణానికి వెళ్లాను. నేను ఉండగానే ఒకాయన కోపంగా వచ్చాడు. పెళ్లి ఫొటో బల్ల మీద పెట్టి, ఫ్రేము వంకరగా ఉంది, గోడకు పెడితే అందరూ అడుగుతున్నారని గొడవ పెట్టుకున్నాడు. విఠల్ గారు ఫొటో వైపు చూడనేలేదు.

"చెన్నయ్యా, జర చూడు."

చెన్నయ్య చేతులు దులుపుకుని వచ్చాడు. పై మూలకు గునియా ఆనించాడు. కింద మూలకు ఆనించాడు. మళ్లీ పైకి వెళ్లాడు. ఆ వచ్చినాయన చూపు చెన్నయ్య నుంచి విఠల్ గారికి, విఠల్ గారి నుంచి చెన్నయ్యకు మారుతోంది. ఇద్దరూ కలిసి తనను మోసం చేస్తారని అతని మొహం మీద రాసే ఉంది.

"సేట్," అన్నాడు చెన్నయ్య. "ఇది నిజంగనే వంకర ఉన్నది. నేను కోసిందే."

విఠల్ గారు నవ్వారు. అంత హాయిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఇంకోటి కొయ్యి," అన్నారు.